మా బడి పిల్లలు చేరిన డిజైన్ కాలేజీ: ఒక డ్రాయింగ్ టీచర్ అభిప్రాయం

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మావాడికి బొమ్మలంటే ప్రాణం. డిజైన్ కాలేజీలో వేస్తే అక్కడ మావాడు నెగ్గుకొస్తాడా?" అని అడుగుతారు. అడిగేవాళ్లలో కలంకారీ పనివాళ్లుంటారు, కూలికి పోయేవాళ్లుంటారు, టీ కొట్టు పెట్టుకున్నవాళ్లుంటారు. ఫీజు సంగతి తర్వాత అడుగుతారు. పిల్లవాడు ఆ గొప్పింటి పిల్లల మధ్య ఇమడగలడా అన్నదే వాళ్ల మొదటి బెంగ. ఆ బెంగకు నాకు తెలిసిన జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను శ్రీకాళహస్తి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. ఉండేది తిరుపతిలో. నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న ముగ్గురు పిల్లలు తిరుపతి చుట్టుపక్కల ఉన్న ఒక ప్రైవేటు ఆర్ట్ అండ్ డిజైన్ కాలేజీలో చదువుతున్నారు. ఇప్పుడు మూడో ఏడాది. ఒకరు కలంకారీ కుటుంబం అబ్బాయి. ఒకరు యానాది గిరిజన కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి. ఇంకొకరు పుట్టుకతో వినపడని అమ్మాయి. ఏడో తరగతి దాకా మా బడిలోనే చదివి, తర్వాత టీటీడీ నడిపే బధిర పాఠశాలకు మారింది. పేరెంట్స్ మీటింగులకి, జ్యూరీలకి (పిల్లలు తమ పని చూపించి జవాబులు చెప్పే పరీక్షలకి) "మీరూ రండి మేడమ్, మాకు వాళ్ల మాటలు అర్థం కావు" అని ముగ్గురి ఇళ్లవాళ్లూ పిలుస్తారు. అందుకే ఆ కాలేజీ లోపలి సంగతులు నాకు బాగానే తెలుసు. పిల్లలింకా అక్కడే చదువుతున్నారు కాబట్టి కాలేజీ పేరు రాయను.

వాళ్ల బ్రోచర్‌లో 'అందరినీ కలుపుకుపోయే క్యాంపస్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాన్ని నమ్మొచ్చా అంటే, సీటు ఇచ్చేవరకు నమ్మొచ్చు. ఆ తర్వాత ఏ మాస్టారి చేతిలో పడ్డారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఐదుకు మూడున్నర ఇస్తాను.

అడ్మిషన్ పద్ధతి మాత్రం నిజంగా బాగుంది. పెద్ద పరీక్షలు మన పిల్లలకు పెన్సిల్ పట్టకముందే అడ్డం పడతాయి. ఐఐటీల్లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీ కోసం రాసే యూసీడ్ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. ఫ్యాషన్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లో ఇస్తారు. తెలుగు మీడియం పిల్లవాడికి గీత ఉంటుంది, ఊహ ఉంటుంది, ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. ఈ కాలేజీ సొంతంగా పెట్టుకునే పరీక్షలో ప్రశ్నలు తెలుగులో కూడా ఇచ్చారు. ఒక ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. తిరుమలకు మెట్లదారిలో మూట మోసుకుంటూ నడిచే ముసలమ్మకు పనికొచ్చేది ఒకటి ఆలోచించి గీయమన్నారు. చాలామంది గొడుగులు, చక్రాల సంచులు గీశారట. మా యానాది అబ్బాయి దారి పక్కన భుజమెత్తున ఒక రాతిగట్టు గీశాడు. ముసలమ్మ వంగకుండా మూటను దానిమీదికి జరిపి, ఊపిరి తీసుకుని, మళ్లీ వంగకుండానే నెత్తికెత్తుకోవచ్చు. పక్కన తెలుగులో రెండు ముక్కలు రాశాడు. ఇంటర్వ్యూలో దాని గురించి తెలుగులోనే మాట్లాడించారు. పావుగంట వాడు చెప్పింది ఓపిగ్గా విన్నారు. బయటికొచ్చి "నా బొమ్మ చూశారు మేడమ్" అన్నాడు.

అదే ఆఫీసులో దరఖాస్తు ఫారం, తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన హామీపత్రం మాత్రం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫీజు వాపసు ఎప్పుడిస్తారో, హాజరు తగ్గితే ఏం చేస్తారో అన్నీ అందులోనే ఉంటాయి. చదవలేని కాగితం మీద ఆ తల్లులచేత సంతకం పెట్టిస్తున్నారు. తెలుగు ప్రతి ఇవ్వమని ప్రతి ఏడాదీ అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు.

చేరిన కొత్తలో పిల్లలకు ధైర్యం వచ్చింది అక్షరాల క్లాసులో. టైపోగ్రఫీ అంటారు దాన్ని. మొదటి నెలలంతా ఇంగ్లీషు అక్షరాల మీదే పాఠం నడుస్తుంటే మావాళ్లు వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. తర్వాత మేడమ్ తెలుగు పోస్టర్ చేయమంది. మండలి, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు ఇచ్చి రెండు వరసల్లో ఒక వాక్యం అమర్చమంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇంగ్లీషుకు వదిలినంత సందే వదిలారు. పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడులను గుద్దుకున్నాయి. 'స్త్రీ' లాంటి అక్షరం వచ్చినచోట అసలు చదవడమే కుదరలేదు. అప్పుడు మా కలంకారీ అబ్బాయి లేచి, ఒత్తు కింద ఎంత చోటు వదలాలో, తలకట్టు ఎక్కడ ఆగాలో బోర్డు మీద గీసి చూపించాడు. ఆ రోజు నుంచి హాస్టల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వాడి గదికి వచ్చేవారు. అదే క్లాసులో మదనపల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉర్దూలో చేసింది, కుప్పం అబ్బాయి తమిళంలో చేశాడు. మేడమ్‌కు ఆ రెండు లిపులూ రావు. అయినా వద్దనలేదు. వాటిని చదవగలిగిన వాళ్లను పిలిపించి మార్కులు వేయించింది. ఈ కాలేజీలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న టీచర్ ఆమే.

కలంకారీ విషయంలో మొదట చాలా బాధపడ్డాం.

మొదటి ఏడాది పిల్లలందర్నీ శ్రీకాళహస్తి తీసుకెళ్లారు. మా కలంకారీ అబ్బాయి వాళ్ల నాన్న ఇంటి ముందరే అన్నీ చేసి చూపించాడు. గాడాగుడ్డను, అంటే ముతక నూలు గుడ్డను, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో పిండి ఎండేశాడు. పాలు పట్టిన గుడ్డమీదే కలం గీత పాకకుండా నిలబడుతుంది. చింతబరికల బొగ్గుతో ముందు రేఖలు వేశాడు. వెదురు కలానికి మొనకు కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. అది రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కేకొద్దీ మొనలోకి దిగుతుంది. నల్లరంగుకు వాడే కసిమి తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే తయారవుతుంది. గీసేటప్పుడు అది పలచగా ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ తగిలాక నల్లబడుతుంది. పటిక రాసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట ఉడకబెట్టి జాడిస్తే పోతుంది. కాలేజీ పిల్లలు కలం పట్టుకోగానే గుడ్డంతా మరకలు చేశారు. "కలం పట్టుకునేది కాదు నాయనా, ఒత్తేది నేర్చుకోవాల" అని ఆయన ఒక్కొక్కరి వేళ్లు పట్టి దిద్దాడు.

నెల తర్వాత కాలేజీలో ప్రదర్శన పెట్టారు. పెద్ద ప్యానెళ్లు, మంచి లైట్లు. ఫొటోలు తీసిన విద్యార్థుల పేర్లు రాశారు, గైడ్ చేసిన మాస్టారి పేరు రాశారు. గుడ్డ పనిచేసిన ఆయన చేతుల ఫొటో నిలువెత్తున పెట్టి కింద 'స్థానిక కళాకారుడు' అని రాసి ఊరుకున్నారు. ఆ చేతులు ఎవరివో ఆ హాల్లో మా అబ్బాయికి తెలుసు. వాడు దానిముందు నిలబడి ఏమీ మాట్లాడలేదు. వాడి క్లాసులో తిరుపతి టౌన్ అమ్మాయి ఒకతె నేరుగా మాస్టారి దగ్గరికెళ్లి "సార్, వాళ్ల నాన్నగారి పేరేది?" అని అడిగేసింది. జవాబు సరిగ్గా రాలేదు. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిన ఊరది. మన కాలేజీ గోడ మీద ఆ ఊరి పనివాడికి పేరే లేకపోతే ఎట్లా?

నేనూ, వాడి నాన్నా వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాం. ఆయన సాకులు చెప్పలేదు. ఆ వారంలోనే ప్యానెల్ మార్పించాడు. మరుసటి ఏడాది నుంచి వాడి నాన్నను అతిథి అధ్యాపకుడిగా పిలుస్తున్నారు. పేరు టైంటేబుల్లో ఉంటుంది. గంటకు ఇచ్చే డబ్బు బెంగళూరు నుంచి వచ్చే మాస్టారికి ఇచ్చినంతే ఇస్తున్నారని ఆఫీసులో అడిగి రూఢి చేసుకున్నాను. కళాకారుణ్ని శాలువా కప్పి పంపేయడం మన దగ్గర మామూలు. సమాన రేటుతో వోచర్ ఇవ్వడం నేను ఇక్కడే చూశాను. ఇంకొక్క అడుగు వేయాలి. తిరుపతిలోనే టీటీడీ సంప్రదాయ శిల్ప కళాశాలలో రాయి, లోహం, కొయ్య, సుధ (గార బొమ్మల పని), చిత్రలేఖనం నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లలున్నారు. కొయ్యబొమ్మల ఊరు మాధవమాలలో చిన్నప్పటి నుంచి ఉలి పట్టినవాళ్లున్నారు. వాళ్లొస్తే ఈ కాలేజీ మొదటి ఏడాది నుంచే కూర్చోమంటోంది. చేతిలో అంత పని ఉన్నవాణ్ని పెన్సిల్‌తో నీడలు దిద్దుకోమని ఏడాది కూర్చోబెడితే ఎవడు చేరతాడు?

ఇక వినపడని అమ్మాయి సంగతి. తల్లిదండ్రులు ఇది కాస్త ఓపిగ్గా చదవాలి. ఏ కాలేజీకి వెళ్లినా మీరు అడగాల్సినవి ఇందులో ఉన్నాయి.

డిజైన్ చదువులో జ్యూరీ అని ఒకటుంటుంది. సెమిస్టర్ చివర పిల్లలు తమ పనిని గోడకు పెట్టి, సొంత మాస్టర్లు, బయటి నుంచి వచ్చిన డిజైనర్లు అడిగేవాటికి నిలబడి జవాబులు చెప్పాలి. మార్కుల్లో పెద్ద వాటా అక్కడే ఉంటుంది. మొదటి ఏడాది ఆ అమ్మాయి జ్యూరీని కొయ్యపని షెడ్ పక్క గదిలో పెట్టారు. అవతల రంపం మిషన్ మోగుతోంది. ఇవతల నలుగురు పెద్దలు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. ఒకాయన షీటు వైపు తిరిగి, ఈ అమ్మాయికి వీపు చూపించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. పెదవులు చూసి కొంత అర్థం చేసుకోగల పిల్ల, వీపు చూసి ఏం అర్థం చేసుకుంటుంది? మాటలను అక్షరాలుగా చూపించే యాప్ ఫోన్‌లో పెట్టుకుంది. నేను వెనక నుంచి ఆ తెర చూశాను. తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడుతుంటే, మధ్యలో మిషన్ మోత పడుతుంటే, తెరమీద తలాతోకా లేని మాటలొస్తున్నాయి. ఆ పిల్ల అన్నిటికీ తలూపింది. ఫలితాల కాగితం మీద 'ఆలోచనను స్పష్టంగా వ్యక్తం చేయలేకపోయింది' అని రాసి మార్కులు కోశారు.

వాళ్లమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. మర్నాడు ఇద్దరం ఆ విభాగం పెద్ద హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంటుంది. ఇది ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీ కాబట్టి ఆ సీట్ల నిబంధన తమకు వర్తించదని హెచ్‌ఓడీకి తెలుసు, నాకూ తెలుసు. "సీటు మీరే ఇష్టపడి ఇచ్చారు సార్. ఇచ్చాక ఆ పిల్లకి ప్రశ్న అందాలి కదా" అన్నాను. ఆయన చాలాసేపు ఆ మార్కుల కాగితం చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆ అమ్మాయినే పిలిపించి, ఏం కావాలో రాసివ్వమన్నాడు. మమ్మల్ని కాకుండా ఆమెనే అడగడం నాకు నచ్చింది. ఆ పిల్ల కాగితం నింపేసింది.

ఆమె అడిగినవాటిలో చాలావరకు అమలైంది. జ్యూరీ నిశ్శబ్దంగా ఉండే గదికి మారింది. ఒకరు మాట్లాడాకే ఇంకొకరు మాట్లాడాలి, ముఖం అమ్మాయి వైపు ఉండాలి. ఆ రోజుకు సైగల భాష తెలిసినావిడను పిలుస్తారు. ప్రతి వ్యాఖ్యనూ పసుపు చీటీ మీద రాసి షీటుకు అంటించాలి. ఈ చీటీల పద్ధతి తర్వాత అందరి జ్యూరీల్లోకీ వచ్చింది. ఎందుకంటే తెలుగు మీడియం పిల్లలూ అదే కావాలన్నారు. గబగబా ఇంగ్లీషులో దొర్లే మాటలు వాళ్లకూ సగం అందేవి కావు, సిగ్గుపడి చెప్పలేదంతే.

రెండో ఏడాది జ్యూరీకి ఆ పిల్ల బస్టాండ్ బోర్డు చేసింది. బస్సు ఏ ప్లాట్‌ఫారానికి మారిందో మైకులో చెబుతారు. వినపడనివాళ్లు పరిగెత్తే జనాన్ని చూసి పరిగెత్తాలి. ప్లాట్‌ఫారం మారగానే పాత నంబరు కొట్టేసి కొత్త నంబరు పెద్దగా, బాణం గుర్తుతో చూపించే బోర్డు అది. తెలుగు పైన, తమిళం, ఇంగ్లీషు కింద. చెన్నై, వేలూరు నుంచి వచ్చే యాత్రికులను కూడా లెక్కలోకి తీసుకుంది. బయటి నుంచి వచ్చిన డిజైనర్ ఎర్ర అక్షరాలు ఎందుకు వాడలేదని అడిగాడు. ఆ పిల్ల చేతులు చకచకా కదిలాయి. పక్కనావిడ చెప్పింది: "ఎండ పడినప్పుడు నల్ల బోర్డు మీద ఎరుపు ఆనడం లేదు. మధ్యాహ్నం పన్నెండుకు నిలబడి చూశాను అంటోంది." ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, దానికీ జవాబు వచ్చింది. అట్లా నడిచింది జ్యూరీ. ఆ గదిలో అంతమంది పెద్దవాళ్లు ఆమె చేతులకేసి చూస్తూ కూర్చోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

లోటు ఏమిటంటే, సైగల భాష వచ్చినావిడ జ్యూరీ రోజున తప్ప మామూలు క్లాసులకు రాదు. ఏడాది పొడుగునా పాఠం స్నేహితురాళ్ల నోట్సు మీదే నడుస్తోంది. తిరుపతిలో బధిర పాఠశాల ఉంది, జూనియర్ కాలేజీ ఉంది. సైగల భాష తెలిసినవాళ్లు దొరకని ఊరు కాదిది. జీతం ఇచ్చి ఒకరిని పెట్టుకోవాలి. వర్క్‌షాపులో మిషన్ ఆన్ అయితే వెలిగే ఎర్ర దీపాలు మాత్రం పెట్టించారు. అందుకు మెచ్చుకుంటాను.

చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలున్నవాళ్లు ఒకటి చూసుకోండి. ముందు బిల్డింగుకు ర్యాంపు, లిఫ్టు ఉన్నాయి. బ్లాక్ ప్రింటింగ్ షెడ్‌కి మెట్లే ఉన్నాయి. ర్యాంపు ఒక అడుగు లేవాలంటే పన్నెండు అడుగుల పొడుగుండాలి. ఆ షెడ్ ముందు అంత చోటుంది, కట్టలేదు.

ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఏడుకు మూస్తారు. మగపిల్లలకు పది దాకా అనుమతి. స్టూడియో రాత్రి కూడా తెరిచే ఉంటుంది, అంటే ప్రింటర్, పెద్ద బల్లలు, మగ్గాలు ఆ మూడు గంటలూ మగపిల్లలవే. జ్యూరీ ముందు వారం ఈ తేడా పనిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భద్రత కోసమంటారు. హాస్టల్ నుంచి స్టూడియోకి ఉన్న దారంతా కాంపౌండ్ లోపలే. రెండు లైట్లు, ఒక వాచ్‌మన్ ఉంటే సరిపోయే పని.

దరఖాస్తులో ఆడ, మగ పక్కన ట్రాన్స్‌జెండర్ అని మూడో గడి పెట్టారు. 2019లో వచ్చిన చట్టం చదువులో వివక్ష చూపకూడదంటుంది కాబట్టి గడి పెట్టడం సరే. ఆ గడిలో టిక్కు పెట్టిన పిల్లకు హాస్టల్లో గది ఎక్కడ ఇస్తారని అడిగితే ఆఫీసులో ముఖాలు చూసుకున్నారు. గంగమ్మ జాతరలో చీర కట్టిన మగవాడికి దండం పెట్టే ఊరు మనది. మనకు ఇది అంత కష్టమైన ప్రశ్న కాకూడదు.

ఖర్చుల దగ్గర కొంత నయమైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా షీట్లకు, రంగులకు, ప్రింట్లకు అది పనికిరాదు. అసలు దెబ్బ అక్కడే. మొదట్లో ఒక మాస్టారు ఫోమ్‌బోర్డు మీద మౌంట్ చేసిన పనికి 'ఫినిషింగ్' పేరుతో మార్కులు ఎక్కువ వేసేవాడు. మా యానాది అబ్బాయి అట్టపెట్టె కోసి దానిమీద అంటించి తెచ్చాడు. గీత ఎంత బాగున్నా తక్కువే పడ్డాయి. ఇప్పుడు ప్రతి అసైన్‌మెంట్‌కీ ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ముందే రాస్తున్నారు. సీనియర్లు వదిలేసిన రంగులు, బోర్డులు పెట్టే బీరువా ఒకటుంది, తాళం విద్యార్థుల దగ్గరే ఉంటుంది. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. క్రీటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనినీ తీసుకుంటున్నారు. ఎక్కువ ధర ల్యాప్‌టాప్ కొనలేమని వెనక్కి తగ్గేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ యానాది అబ్బాయి గురించే ఇంకా చెప్పాలి. నేను పూర్తి మార్కులు ఇవ్వకపోవడానికి పెద్ద కారణం అదే.

మొదటి సెమిస్టర్లో ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి గీయమన్నారు. వాడు వాళ్లవ్వ చేపలు పట్టే బుట్ట తెచ్చాడు. మూతి దగ్గర పుల్లలు లోపలికి వంగి ఉంటాయి. చేప నెట్టుకుని లోపలికి వస్తుంది, తిరిగి పోబోతే పుల్ల మొనలు అడ్డం తగులుతాయి. వాడు ఆ బుట్టను నిలువునా కోసినట్టు గీసి, నీళ్లు ఎటు పారుతున్నాయో బాణాలు పెట్టాడు. చాలా మంచి డ్రాయింగ్. మాస్టర్లంతా మెచ్చుకున్నారు, సంతోషించాం. ఆ తర్వాత మొదలైంది. కుర్చీ డిజైన్ ఇస్తే "మీవాళ్ల అల్లిక వాడు" అన్నారు. పోస్టర్ ఇస్తే "మీవాళ్ల బతుకు మీద చెయ్యి" అన్నారు. వాణ్ని అడక్కుండానే బుట్ట పట్టుకున్న ఫొటో బ్రోచర్‌లో వేశారు. వాడికి ఇష్టమైనవి వీడియో గేములు. నోట్‌బుక్కుల నిండా యోధులు, రాక్షసులు, ఎగిరే పడవలు. "మేడమ్, బుట్ట గీసింది ఒక్కసారి. ఇప్పుడు నేనేం గీసినా బుట్టేదీ అంటున్నారు" అన్నాడు నాతో.

టౌన్ పిల్లలను ఎవరూ మీవాళ్ల బతుకు గీయమనరు. వాళ్లు అంగారక గ్రహం మీద హోటల్ గీస్తే, భలే ఊహ అంటారు. మావాడు గీస్తే నీ మూలాలు మరిచిపోయావంటారు. ప్రేమతోనే అంటారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రేమ వాడి చేతిలోంచి పెన్సిల్ లాక్కుంటోంది. తన వాళ్ల గురించి గీయాలో వద్దో, ఎప్పుడు గీయాలో వాడే తేల్చుకోవాలి.

వాడేం చేయగలడో చెప్పడానికి జాతర ప్రాజెక్టు ఒక్కటి చాలు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పిల్లలందర్నీ స్కెచ్ బుక్కులతో పంపుతారు. కాలేజీ చేసే మంచి పనుల్లో అదొకటి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి. అందరూ ముఖాల రంగులు, పూలదండలు, వేపాకు గీసుకొచ్చారు. వీడు జాతర వీధుల మొత్తానికి పటం గీశాడు. గేములో లెవెళ్ల లాగా. జాతర కథలో గంగమ్మ వెతికి చంపే దుర్మార్గుడు పాలెగాడు ఏ మూల దాక్కున్నాడో, అమ్మవారు ఏ రోజు ఏ వేషంలో ఏ సందులోంచి వెతుక్కుంటూ వస్తుందో, దొర వేషం చూసి వాడు బయటికొచ్చే చోటు ఎక్కడో, అన్నీ గుర్తులు పెట్టాడు. ఆడేవాడు గంగమ్మ వైపు. రోజుకొక వేషం గెలుచుకుంటే కొత్త సందు తెరుచుకుంటుంది. తిరుపతిలో పుట్టి పెరిగిన పిల్లలు ఆ పటం చుట్టూ మూగి మా ఇల్లు ఇక్కడే, మా ఇల్లు అక్కడే అని వేళ్లు పెట్టారు. ఇంతమంది ఇష్టపడ్డ పనికి మాస్టారు రాసిన పసుపు చీటీ చూశాను. 'బాగుంది. నీ సొంత సంస్కృతి కనిపించలేదు.'

రెండో ఏడాది చివర బ్రాంచి ఎంచుకునేటప్పుడు వాడు యానిమేషన్, గేమ్ డిజైన్ రాశాడు. చేతివృత్తుల మీద నడిచే క్రాఫ్ట్ డిజైన్ ఇచ్చారు. "నీకు అదే బాగుంటుంది, స్కాలర్‌షిప్ కూడా తేలిక" అన్నారు. పటం పట్టుకుని మళ్లీ ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లాం. ఆయన పటాన్ని బల్లమీద పరిచి చాలాసేపు చూశాడు. మార్పు కోసం అర్జీ తీసుకున్నాడు. బ్రోచర్‌లోంచి ఆ ఫొటో తీసేయిస్తానన్నాడు, కొత్త బ్రోచర్‌లో నిజంగానే లేదు.

కాబట్టి చేర్పించాలా అని అడిగేవాళ్లకు నా మాట: చేర్పించండి, కానీ ముందు ఒకసారి జ్యూరీ జరిగే రోజుల్లో వెళ్లి చూడండి. అడ్మిషన్ల సీజన్‌లో అన్ని కాలేజీలూ ముగ్గులేసి ఉంటాయి. వెనక నిలబడి చూస్తామంటే వీళ్లు వద్దనరు. గదిలో ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో, తెలుగులో జవాబు చెబుతున్న పిల్ల మాట మధ్యలో తుంచేస్తున్నారా, చివరిదాకా వింటున్నారా చూడండి. సీనియర్లను పక్కకు పిలిచి ఖర్చు అడగండి, ఆఫీసులో అడిగితే ఫీజు ఒక్కటే చెబుతారు. ఆడపిల్ల అయితే స్టూడియో వేళలు అడగండి. ప్రిన్సిపాల్ వింటాడు, ఆయన్ని నేరుగా కలవండి. కింద కొందరు ఆయన చెప్పిందాకా కదలరు.

బ్రాంచి అర్జీకి ఇంకా జవాబు రాలేదు. ఈ సెమిస్టర్ వాడు క్రాఫ్ట్ క్లాసులకే వెళ్తున్నాడు, సాయంత్రాలు బ్లెండర్‌లో తాతయ్యగుంట సందులు కడుతున్నాడు. జవాబు వచ్చాక ఏమైందో ఇక్కడే కింద రాస్తాను, మార్కులు కూడా అప్పుడు సరిచేస్తాను.